వెండితెరకు ఇల్లు కట్టినవారు

చలనచిత్రమనగానే మనకు నటులు, గాయకులు, దర్శకులు స్ఫురింతురు. ఆ చిత్రమును ప్రదర్శించిన శాలను, దానిని కట్టించినవారిని తలచువారు అరుదు. కాని తెలుగు చిత్రచరిత్రను పరిశీలించినచో మనకొక విశేషము గోచరించును. ఇచ్చట శాల ముందు పుట్టినది; చిత్రము దాని వెనుక పుట్టినది.

బందరులో 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు మదరాసులో ఛాయాచిత్రకారులుగా స్థిరపడిరి. 1910 ప్రాంతమున వారు క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనిరి. గ్రామఫోను పలకపై ధ్వనిని, తెరపై బొమ్మను జతగా నడిపించు సాధనమది. దానితో విక్టోరియా హాలులో ప్రదర్శనము లిచ్చి, పిదప డేరాతో ఊరూర తిరిగిరి. బర్మా, సింహళములకును వెళ్లిరి. అనంతరము మదరాసులో గెయిటీ అను శాశ్వతశాలను నిర్మించిరి. క్రౌన్, గ్లోబు శాలలు దాని వెంట వెలసినవి. ఇతరుల చిత్రములాడించి ప్రేక్షకుల అభిరుచి నెరిగిన పిమ్మటనే, 1921లో, కుమారుడు ప్రకాశ్‌తో కలసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిరి. తుదకు అప్పులవలన ఆ శాలలు చేజారినవి గాని, వారు చూపిన త్రోవ నిలిచినది.

ఆ 1921లోనే బెజవాడలో మారుతీ సినిమా వెలసెను. ఆంధ్రదేశమున మొదటి శాశ్వత చిత్రశాలగా దానిని చెప్పుదురు. బెజవాడకే ఈ భాగ్యమేల కలిగెను? అది రైలు కూడలి. చిత్రముల పెట్టెలు ఏ దిక్కునకైనను అచ్చటినుండి సులభముగ పోగలవు. అంతేకాదు, గోదావరిపై 1852లో, కృష్ణపై 1855లో ఆనకట్టలు పూర్తియైన పిదప డెల్టాలో వరి పండినది, ధనము నిలిచినది. ఆ ధనములో కొంత చిత్రశాలగా మారెను. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెర తెలుగున పలికిన పిదప, శాలల యజమానులు పంపిణీదారులకు, వారు నిర్మాతలకు ముందుగా సొమ్మిచ్చు పద్ధతి బలపడెను. చిత్రము మదరాసు స్టూడియోలో తయారైనను, దాని పెట్టుబడి చాలవరకు తెలుగు పొలములలో పండినదే.

ఈ వ్యాపారము మన ప్రాంతీయ చరిత్రను వింతగా భద్రపరచినది. నిజాము పాలన 1948లో ముగిసెను. పంపిణీదారులకు తెలంగాణము నేటికిని ‘నైజాం’. నిజాము 1800లో కుంపిణీకి దత్తము చేసిన సీమకు 1928లో నంద్యాలలో ‘రాయలసీమ’ యని పేరిడిరి. చిత్రవ్యాపారమున అది యింకను ‘సీడెడ్’.

ఇక శాల లోపలికి పోవుదము. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని తరగతులు. స్త్రీలకు వేరొక వైపు. శాశ్వతశాల లేని పల్లెకు డేరా సినిమా వచ్చెడిది. ఒకే యంత్రముండుటచే రీలు మార్చునప్పుడెల్ల విరామమే! రచ్చబండపై ఎవరెచ్చట కూర్చుండవలెనో పుట్టుక నిర్ణయించిన కాలమున, ఇచ్చట దానిని టిక్కెట్టు నిర్ణయించెను. భేదములు తొలగెననుట అతిశయోక్తి యగును. బీదవాడు నేలపైననే కూర్చుండెను. కాని టిక్కెట్టు చింపువాడు కులమడుగలేదు. కూలివాడును కామందును ఒకే చీకటిలో ఒకే హాస్యమునకు నవ్విరి.

నేడు నగరములలో ఒకే కప్పు క్రింద అనేక తెరలు గల శాలలు వచ్చినవి. సౌకర్యము హెచ్చినది, వెల హెచ్చినది. నేల టిక్కెట్టు మాయమైనది. పాత శాలలు పెక్కు కల్యాణమండపములుగను, గిడ్డంగులుగను మారినవి. కాలగతిని ఆపుట మన తరము కాదు. కాని దేవాలయమునకు స్థలపురాణమున్నట్లు ప్రతి ఊరి చిత్రశాలకును ఒక చరిత్ర కలదు. ఎవరు కట్టించిరి, ఏ యేట కట్టించిరి, మొదట ఏ చిత్రమాడెను, నేల టిక్కెట్టు వెల యెంత అను సంగతులు ఊరి పెద్దల జ్ఞాపకములలో మాత్రమే మిగిలియున్నవి. వారుండగనే అడిగి వ్రాసికొనుట మన పని. గోడలు కూలిన పిదప చెప్పువారుండరు.