నవరాత్రుల ముందురోజు

2018 జూన్ 14న ప్రధాని భిలాయ్ వచ్చి, విస్తరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 1959లో రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఊరు మళ్లీ పెళ్లికళ సంతరించుకుంది. ఆ ముచ్చట నాలుగు నెలలైనా నిలవలేదు.

అక్టోబర్ 9, మంగళవారం. తెల్లారితే దేవీ నవరాత్రులు. పొద్దున పదకొండు కావస్తోంది. పదకొండో నంబరు కోక్ ఓవెన్ బ్యాటరీ దగ్గర గ్యాస్ పైపులైన్ మరమ్మతు సాగుతోంది. హఠాత్తుగా నెత్తిన పడ్డ పని కాదు, ముందే ఖరారు చేసుకున్నదే. కోక్ ఓవెన్ గ్యాస్‌లో దాదాపు సగం హైడ్రోజన్. గాలితో కలిశాక దానికి చిన్న నిప్పురవ్వ చాలు. భగ్గుమంది. ఆ రోజే 9 మంది పోయారు. తర్వాతి రోజుల్లో, కాలిన ఒళ్లతో ఆస్పత్రిలో పోరాడి మరికొందరు. మంట లేస్తే ఆర్పడానికని అక్కడే కాపు కాసిన ఫైర్ సిబ్బంది కూడా ఆ మృతుల్లో ఉన్నారు. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది అదే. సీఈఓను తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2014 జూన్ 12న, ఇదే ప్లాంటులో నీటి ఒత్తిడి పడిపోయి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ పంప్‌హౌస్‌లోకి ఎదురు తన్నింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. చనిపోయిన ఆరుగురిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2012 జూన్‌లో విశాఖ ఉక్కులో ఆక్సిజన్ విభాగం పేలి మన వాళ్లు మాడిపోయిన రాత్రి కూడా భిలాయ్ తెలుగు ఇళ్లలో ఫోన్లు మోగే ఉంటాయి. రెండు చోట్లా చుట్టాలున్న కుటుంబాలు అక్కడున్నాయి.

వేరే ఊళ్లో ఇంటి పెద్ద పోతే తలదాచుకునే గూడైనా మిగులుతుంది. భిలాయ్‌లో సెక్టార్‌లోని క్వార్టర్ ప్లాంటుది, పిల్లల బడి ప్లాంటుది, సెక్టార్-9 ఆస్పత్రి ప్లాంటుది. జీతంతో పాటే ఇవన్నీ కదిలిపోతాయి. క్వార్టర్‌లో ఉండనిచ్చే గడువు ఎంతో కనుక్కుంటూనే పదకొండో రోజు కర్మ చేయాలి. కాంట్రాక్టు కూలీ ఇంటికైతే అడగడానికి ఆ గడువు కూడా లేదు.

అటు కోక్ బట్టీలు ఆగవు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగిలిపోతాయి. అందుకని తోటివాళ్లు పోయిన రోజున కూడా తర్వాతి షిఫ్టు గేటు దాటి లోపలికి వెళ్లాల్సిందే. కొన్నాళ్లకు కారుణ్య నియామకం కాగితాలు వస్తాయి. కొడుకు చేత సంతకం పెట్టించే ముందు ఏ తల్లయినా అడిగేది జీతం గురించి కాదు, వాణ్ని ఏ డిపార్ట్‌మెంట్‌లో వేస్తారని.