సూడోప్రోగ్రెషన్

మెదడు కణితికి రేడియేషన్ ఇచ్చాక ఎమ్మారైలో కణితి పెరిగినట్లు కనిపించి, చికిత్స మార్చకుండానే తర్వాత తగ్గడాన్ని లేదా నిలకడగా ఉండటాన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితికి రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే కీమో మందు వాడినవారిలో, ముఖ్యంగా మొదటి 3 నెలల్లో ఇది ఎక్కువ. రేడియేషన్‌కు రక్తనాళాల గోడలు దెబ్బతింటే స్కాన్ కోసం ఎక్కించే గాడోలినియం మందు మెదడు కణజాలంలోకి కారి, ఆ చోటు స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. బతికున్న కణితీ అలాగే మెరుస్తుంది కాబట్టి ఒక్క స్కాన్‌తో తీర్పు చెప్పడం తొందరపాటే. చికిత్సకు కణితి ఎలా స్పందించిందో అంచనా వేసే 1990 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు ప్రధానంగా ఈ మెరుపు కొలతనే నమ్ముకున్నాయి. 2010 నాటి రానో ప్రమాణాలు జాగ్రత్తపడ్డాయి: రేడియేషన్ ముగిసిన 12 వారాల లోపు, కొత్త మెరుపు చాలావరకు రేడియేషన్ పడిన ప్రాంతం బయట ఉంటేనో, కణజాల పరీక్షలో తేలితేనో తప్ప వ్యాధి ముదిరినట్లు లెక్కించవద్దన్నాయి. రక్త ప్రసరణను కొలిచే పెర్‌ఫ్యూజన్ ఎమ్మారైలో రక్త పరిమాణం సాధారణంగా కణితిలో ఎక్కువగా, రేడియేషన్ గాయంలో తక్కువగా ఉంటుంది. రెండూ కలగలిసిన చోట అదీ తడబడుతుంది.