పట్టూ విడుపూ: ఉప్పల్, నాచారం ట్రాక్టర్ల కథ

ఎద్దుబండి ఇరుసు అరిగితే కడచీలలు లాగి, చక్రాలు ఊడదీసి, వడ్రంగి కొత్త ఇరుసు ఎక్కించేవాడు. ట్రాక్టరు క్లచ్చు ప్లేటు అరిగితే మాత్రం అంతటి యంత్రాన్నీ నడుము దగ్గర రెండు ముక్కలు చేయవలసిందే. ఒక్క పలకకోసం ఇంత రాద్ధాంతమెందుకని చదువరులకు సందేహం కలుగవచ్చు. దానికి సమాధానం 1917లో ఉంది.

అంతకు ముందు ట్రాక్టర్లలో చాలావాటికి ఇనుప దూలాల చట్రం ఉండేది. ఆ ఏడు హెన్రీ ఫోర్డు కర్మాగారంనుంచి వెలువడిన ఫోర్డ్‌సన్‌కు చట్రమే లేదు. ఇంజను, గేరు బాక్సు, వెనుక ఇరుసు - ఈ మూడింటి పోత ఇనుప గుల్లలను బోల్టులతో బిగిస్తే అదే వెన్నెముక. ఖర్చు తగ్గింది, ధర తగ్గింది, ఆ పద్ధతి లోకమంతా పాకింది. క్లచ్చు మాత్రం వెన్నుపూసల సందులో చిక్కుకుపోయింది. 1946లో వచ్చిన ఫెర్గుసన్ బూడిదరంగు ట్రాక్టరుదీ ఇదే కట్టుబడి. 1960లో మద్రాసులో ఏర్పడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గుసన్ పేరిట అమ్మిన బండ్లు ఆ వంశానివే. 1959లో ఫరీదాబాదులో తయారైన ఐషర్, 1963నాటి మహీంద్రా-ఇంటర్నేషనల్ పొత్తు, 1971లో హెచ్.ఎం.టి. చేపట్టిన జెటార్, 1974నాటి స్వరాజ్ - ఇవన్నీ తెలుగు రైతుకు తెలిసిన పేర్లే కనుక వాటి చరిత్ర ఇక్కడ విస్తరించను.

ఉప్పల్, నాచారం ఒకప్పుడు చెరువుల కింద, మూసీ కత్వల కింద వరి పండిన ఊళ్ళు. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో సర్వే శిక్షణ సంస్థ ఉప్పల్ దారికి వచ్చాయి. పారిశ్రామికవాడలు వెలిసి, వాటి చుట్టూ లేతు పని చేసే చిన్న షెడ్లు పుట్టుకొచ్చాయి. మళ్ళు ప్లాట్లయ్యాయి. 2007లో ఉప్పల్ కలాన్ మహానగరంలో విలీనమయింది. 2017లో మెట్రో నడిచింది. దిగువన మూసీ మురుగునీటి మీద వరి తగ్గి, పాడిగేదెలకు వేసే పచ్చగడ్డి సాగు పెరిగింది. దున్నడానికి వచ్చిన ట్రాక్టరు ఇటుకలకు, ఇసుకకు, నీళ్ళ ట్యాంకరుకు అంకితమయింది.

ఈ మార్పు క్లచ్చు ప్లేటు మీద చదువుకోవచ్చు. దమ్ములో బండికి బరువు ఎక్కువే కాని, ఒకసారి గేరు వేస్తే మడి చివరిదాకా క్లచ్చుతో పని లేదు. అక్కడి శత్రువు బురదనీరు. నిండు ట్రాలీతో నాచారం కూడలిలో అడుగడుగునా ఆగి కదిలే బండికి సగం క్లచ్చే గతి. ఆ రాపిడికి ప్లేటు కాలుతుంది, ఫ్లైవీలు ముఖం వేడికి నీలి మచ్చలు పడి నెర్రెలిస్తుంది.

అన్నట్టు, క్లచ్చుకు పాఠ్యపుస్తకాలవారు ఏ సంస్కృత సమాసం కల్పించినా షెడ్డులో చెల్లదు. జారితే "పట్టడం లేదు" అంటారు, గేరు కరకరలాడితే "విడవడం లేదు" అంటారు. పట్టువిడుపులు అనే మన పాత జంటకు ఇంతకంటె తగిన ప్రయోగం నాకు కనబడలేదు.

విడగొట్టే ముందు మేస్త్రీ బండి కిందికి తొంగిచూస్తాడు. చాలా ట్రాక్టర్లలో క్లచ్చు గుల్ల అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. పలుచగా నల్లని నూనె కారితే ఇంజను వెనుక సీలు పోయింది. చిక్కని నూనె కారితే గేరు బాక్సు సీలు. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయడం దండుగ. తరువాత బ్యాటరీ తీగలు, డీజిలు గొట్టాలు, స్టీరింగు కడ్డీలు విప్పి, ముందు ఇరుసుకూ ఇంజనుకూ నడుమ ఇరువైపులా కొయ్య చీలలు దిగగొడతారు. ముందు ఇరుసు నడుమ ఒకే మొలమీద ఊగేది కనుక, చీలలు లేకపోతే విడిపోయిన ఇంజను పక్కకు ఒరిగి మనిషిమీద పడుతుంది. జాకీలు ఆనించి, వెనుక సగాన్ని చదునైన నేలమీద మెల్లగా వెనక్కి దొర్లిస్తారు.

లోపలి ధూళిని కంప్రెసరు గాలితో ఊదడం ఎక్కువచోట్ల అలవాటు. పాత ప్లేట్ల పూతలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉండేది. దాని పోగులు ఊపిరితిత్తులలో చేరితే జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందుకే ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఈ మాట చెప్పేవారే షెడ్లలో అరుదు. పదిహేనేళ్ళకే పానా పట్టిన కుర్రవాడికి ఇది తెలియకపోవడం నాకు చాలా కష్టంగా తోస్తుంది.

ఫ్లైవీలును లేతుమీద చదును చేయించి, ప్లేటును డమ్మీ షాఫ్టుతో నడుమకు కుదిర్చి, ప్రెషర్ ప్లేటు వేళ్ళన్నీ ఒకే ఎత్తుకు సరిచేస్తారు. ఇక కలపడం. షాఫ్టు పళ్ళు ప్లేటు గాడులలోకి వాటంతట అవే జారాలి. జారకపోతే ఫ్లైవీలును కొద్దిగా తిప్పి చూడాలే కాని, బోల్టులు బిగించి లాగరాదు. లాగితే కొత్త ప్లేటు వంగి, పని మళ్ళీ మొదటికి వస్తుంది.

ట్రాక్టరు వెనుకకు పొడుచుకొని వచ్చే షాఫ్టుది మరొక చరిత్ర. 1918లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన ట్రాక్టరుకు పీటీఓ అమర్చిన నాటినుంచి ఇంజను శక్తి బయటి పనిముట్లకూ అందింది. నిమిషానికి 540 చుట్లన్నది తరువాత స్థిరపడిన కొలత. వంపులోనూ తిరిగే కీలుకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు ఉన్నది. మోటారు బండికి పనికివచ్చేలా దానికి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికావాడు స్పైసర్. ఆ కీలుకొక గుణముంది. వంపులో ఒకటే ఉంటే అవతలి షాఫ్టు ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు మందగిస్తుంది. రెండో కీలు దానిని సరిచేయాలంటే నడిమి షాఫ్టు రెండు చివరల కొంకులు ఒకే తలంలో ఉండాలి. విప్పేటప్పుడు సుద్దగీత పెట్టుకోక, కలిపేటప్పుడు ఒక్క గాడి తప్పిస్తే బండి వణుకుతుంది, శిలువ బేరింగులు వరుసగా విరుగుతాయి. బేరింగు నాసిరకమని దుకాణదారుతో తగవుపడేవారిని నేను ఒకటికి రెండుసార్లు చూశాను, కారణం సుద్దముక్క.

540 చుట్లంటే క్షణానికి తొమ్మిది. షాఫ్టుమీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే మళ్ళీ కొనేవారు తక్కువ. పంచె కొసో కండువా కొసో దానికి చుట్టుకుంటే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. ఇప్పుడా షాఫ్టు పొలంలో రోటవేటరుకంటె ఊరి నడుమ ట్యాంకరు పంపును ఎక్కువగా తిప్పుతోంది, చుట్టూ పిల్లలు ఆడుకుంటూ ఉండగానే.