నాటకగీతముల కర్తృత్వము – చందాల కేశవదాసు

వ్యాకరణమున ఆదేశము శత్రువువంటిది, ఆగమము మిత్రునివంటిది అని పెద్దల మాట. ఆదేశము ఉన్నదానిని త్రోసి తాను నిలుచును. ఆగమము ఉన్నదాని ప్రక్కన వచ్చి చేరును. ‘నిలువుటద్దము’ అను పదమునందలి టకారము నిలువునకు గాని అద్దమునకు గాని పుట్టుకతో చెందినది కాదు. అయినను పదమును పలికినప్పుడు అదియు పలుకబడును. దానిని వేరుగా తలచువారుండరు. తెలుగు రంగస్థలమున ననేక గీతములకు పట్టిన గతి యిట్టిదే.

1880-లో కందుకూరి వీరేశలింగము పంతులవారు రాజమహేంద్రవరమున ప్రదర్శింపజేసిన ‘వ్యవహార ధర్మబోధిని’ వచనరూపకము. పిమ్మట బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) నాటకములలో పాటలను ప్రవేశపెట్టిరి. 1885-లో సురభి సమాజము వెలసెను. క్రమముగా నటుని కంఠమే నాటకమునకు ప్రాణమయ్యెను. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయ, కథ నిలిచెను, పాట సాగెను. అట్టి పాటలకై నాటకకర్తనే యాశ్రయింపక, సమాజములవారు ఇతర కవులచేతను వ్రాయించుకొనుచుండిరి.

అట్టి కవులలో చందాల కేశవదాసు (1876–1956) ముఖ్యుడు. కాకతీయులనాటి శివాలయములచే ప్రసిద్ధమైన కుసుమంచికి సమీపమునగల జక్కేపల్లి యాయన జన్మగ్రామము. భక్తరామదాసు పుట్టిన నేలకొండపల్లియు నా ప్రాంతముననే యున్నది. కేశవదాసు హరికథకుడు, నటుడు, నాటకకర్త. ఆయన ‘కనకతార’ నాటకము 1937-లో చలనచిత్రమయ్యెను. అంతకు ముందే, 1932-లో విడుదలయైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’కు గీతములు వ్రాసి యాయన తొలి తెలుగు సినిమాకవి యయ్యెను. నాటకారంభమున తెర తొలగకమున్ను ఊరూర పాడబడిన ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థనయు నాయనదే. దానిని పాడినవారు వేలకొలది. కర్త నెరిగినవారు కొందరే.

‘శ్రీకృష్ణ తులాభారము’ ఇందులకు చక్కని నిదర్శనము. నాటకకర్త ముత్తరాజు సుబ్బారావుగారు. అందు నారదుడు శ్రీకృష్ణుని అమ్మకమునకు పెట్టునప్పుడు పాడు ‘భలే మంచి చౌకబేరము’ కేశవదాసు రచన. సత్యభామ పాడు ‘మీరజాలగలడా’ యను పాటను ఆ పాత్ర ధరించిన స్థానం నరసింహారావుగారే కూర్చుకొనిరి. కృతి యొకరిది, గీతములు మరియిద్దరివి. ఈ రెండును 1966-నాటి చలనచిత్రమునకు సయిత మెక్కినవి. నేడు తులాభారమనగానే లోకమునకు స్ఫురించునవి యీ పాటలే.

ఈ చిక్కు తెలుగువారికే పరిమితము కాదు. న్యూయార్కు నగరమున 1927-లో ప్రదర్శితమైన ‘షో బోట్’ అను సంగీతరూపకమునకు జెరోమ్ కెర్న్ స్వరకర్త. ఆస్కార్ హామర్‌స్టైన్ సంభాషణలకును గీతములకును కర్త. కాని యందు ప్రఖ్యాతి గాంచిన ‘బిల్’ అను పాట 1918-నాటి వేరొక రూపకమునకై పి. జి. వుడ్‌హౌస్ వ్రాసినది. అచ్చట విడిచిపెట్టబడి, స్వల్పమైన మార్పులతో నిచ్చటికి వచ్చి చేరినది. 1946-లో రూపకమును మరల ప్రదర్శించినప్పుడు, ఆ గీతము వుడ్‌హౌస్‌దని హామర్‌స్టైన్ ప్రదర్శనపత్రికయందు ప్రత్యేకముగా ప్రకటించెను. తనది కాని కీర్తిని స్వయముగా తిరిగి యిచ్చివేసెను.

నాటకములను పరిష్కరించి ముద్రించువారికి రెండు దోషములు సంభవించును. ఇట్టి గీతములను ప్రక్షిప్తములని త్రోసివేసినచో, జనులు చూచిన నాటకము గ్రంథమున మిగులదు. మూలములో కలిపివేసినచో, కర్తల పేర్లు మాసిపోవును. శబ్దశాస్త్రమున నేది యాగమమో, యేది ప్రకృతియో విడదీసి చెప్పుట లక్షణకర్త ధర్మము. అట్లే గీతము నున్నచోటనే యుంచి, దాని క్రింద కర్త నామమును ముద్రించుటయే న్యాయము. టకారమునకు పేరు లేకున్నను లోపము లేదు. కవికి లేకున్న లోపము కలదు.