గొర్రెపిల్ల సముద్రం దాటిన కథ

చిన్నతనంలో సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడల్లా వారపు సంతలో గొర్రెల బేరం చూడడం నాకొక వేడుక. అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువాలు కింద చేతులు దాచుకుని, వేళ్ళు పట్టి ధర చెప్పుకునేవారు. పైకి ఒక్క మాటా వినిపించేది కాదు. కాటా లేదు, తూకం లేదు. కొనేవాడు పొట్టేలు నడుము మీద చేయి వేసి నొక్కి చూసి, ఎంత మాంసం పడుతుందో మనసులోనే లెక్క కట్టుకునేవాడు. ఆ లెక్క కాపరికి ఎన్నడూ తెలిసేది కాదు. ఏడాదంతా ఎండా వానా తిని మందను పెంచినవాడికి తన సరుకు బరువెంతో తెలియకపోవడం అప్పట్లో నాకు వింతగా తోచలేదు. ఈ మధ్య న్యూజీలాండు చరిత్ర చదువుతుంటే ఆ తువాలు మళ్ళీ గుర్తుకొచ్చింది. ఈ టపాకు మూలం అదే.

1881 నాటికి న్యూజీలాండులో మావోరీలు కాక వలసవచ్చినవారు సుమారు అయిదు లక్షలు. గొర్రెలు దాదాపు ఒక కోటి ముప్ఫై లక్షలు. అవన్నీ ఉన్ని కోసం పెంచినవి. ఉన్ని ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేది. మరి మాంసమో? తినేవాళ్ళు లేరు. ముసలి గొర్రెలను పెద్ద కాగుల్లో ఉడికించి, కొవ్వు తీసి, కొవ్వొత్తులకూ సబ్బులకూ అమ్మి, మిగిలినదంతా పారవేసేవారు. కొన్నిచోట్ల మందలను కొండకొమ్ముల మీదనుంచి తోలి చంపిన సందర్భాలూ ఉన్నాయి. అదే కాలంలో ఇంగ్లండు కార్మికవాడల్లో చాలా ఇళ్ళకు మాంసం ఖరీదైన వస్తువు. ఇక్కడ పారవేత, అక్కడ కొరత, నడుమ భూమధ్యరేఖ మీదుగా మూడు నెలల ప్రయాణం.

ఈ దూరాన్ని జయించాలని పట్టుబట్టినవాడు విలియం సోల్టౌ డేవిడ్‌సన్. యౌవనంలో న్యూజీలాండులో గొర్రెల కాపలాతో మొదలుపెట్టి, స్కాట్లండు కేంద్రంగా నడిచే ఒక పెద్ద భూముల కంపెనీకి మేనేజరుగా ఎదిగిన మనిషి. ఆయన డ్యునెడిన్ అనే తెరచాప ఓడలో బెల్-కోల్‌మన్ శీతలయంత్రాన్ని అమర్చే ఏర్పాటు చేశాడు. న్యూజీలాండులో పనంతా నడిపినవాడు థామస్ బ్రైడన్. ఓమరూ పట్టణం దగ్గరి టొటారా ఎస్టేటులో వధశాల కట్టించాడు. అక్కడ కోసి, చల్లార్చిన మాంసాన్ని రైలులో పోర్ట్ చామర్స్ రేవుకు పంపేవారు. ఓడలో గడ్డకట్టించి, ఒక్కొక్క కళేబరాన్ని నూలుగుడ్డ సంచిలో చుట్టి పేర్చేవారు.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. 1881 డిసెంబరులో సరుకు ఎక్కిస్తుండగానే యంత్రం ఇరుసు విరిగింది. అప్పటికే ఎక్కించిన ఆరువందల పైచిలుకు కళేబరాలను దించి స్థానికంగా అమ్మేశారు. యంత్రాన్ని బాగుచేసి మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి 1882 ఫిబ్రవరి 15న ఓడ కదిలింది. అందులో 4,331 పెద్ద గొర్రెలు, 598 గొర్రెపిల్లలు, 22 పందులు.

ఉష్ణమండలంలో అసలు పరీక్ష ఎదురైంది. చల్లగాలి సరుకుగదిలో సరిగా ప్రసరించడం లేదు. కెప్టెన్ జాన్ విట్సన్ స్వయంగా గాలిగొట్టంలోకి పాకి, లోపల కొత్త రంధ్రాలు కోశాడు. ఆ చలికి స్పృహ తప్పాడు. తోటి అధికారి ఒకడు వెనకాలే పాకి, ఆయన కాళ్ళకు తాడు కట్టి బయటికి లాగించాడు. 98 రోజుల ప్రయాణం తర్వాత మే నెలలో ఓడ లండను చేరింది. స్మిత్‌ఫీల్డ్ అంగడి పరీక్షలో పనికిరాదని తీసివేసినది ఒకే ఒక్క కళేబరం. ఖర్చులు పోను లాభం 4,700 పౌండ్లు. అదే ఓడ 1890లో దక్షిణ సముద్రంలో ఆనవాలు లేకుండా పోయింది. కాని అది వేసిన దారి మిగిలింది.

ఇక్కడ యంత్రాన్ని మెచ్చుకుని ఊరుకుంటే కథలో సగమే చెప్పినట్లు. ఆ దారి గొర్రెనే మార్చివేసింది. మెరినో గొర్రె ఉన్నికి మేలుజాతి, మాంసానికి కాదు. పైగా ఇంగ్లండు గృహిణికి కావలసింది చిన్న ఇంటి పొయ్యికి సరిపోయే లేతమాంసం. రోమ్నీ వంటి జాతుల ఆడగొర్రెలకు సౌత్‌డౌన్ పొట్టేళ్ళను కలిపి, త్వరగా కండపట్టే పిల్లలను తీశారు. కాంటర్‌బరీ గొర్రెపిల్ల అన్న మాటే ఒక వ్యాపారనామమైంది. బరువును బట్టి, నాణ్యతను బట్టి వర్గీకరించి చీటీలు కట్టేవారు. గడ్డకట్టించే కర్మాగారాలు పెరిగిన కొద్దీ చిన్న కమతం మీద కూడా కుటుంబం బతకగలిగింది. 1890ల నుంచి ప్రభుత్వం పెద్ద ఎస్టేట్లను కొని పంచగలగడానికి ఇదొక కారణం. ధరల బేరంలో రైతుల పక్షాన నిలవడానికి 1922లో మాంసం ఉత్పత్తిదారుల బోర్డు ఏర్పడింది.

అయితే ఈ సంపదకు అడుగున రెండు అన్యాయాలున్నాయి. ఆ పచ్చిక నేల నయి తాహు మావోరీలది. 1848లో దక్షిణదీవిలో విశాలభాగాన్ని 2,000 పౌండ్లకు రాయించుకుని, ఇస్తామన్న రిజర్వు భూములు సరిగా ఇవ్వలేదు. క్షమాపణతో కూడిన పరిష్కారం 1998లో గాని రాలేదు. రెండవది వధశాల కూలీలది. ఒక్క మనిషి ఒక్క గొర్రెను మొదలంటా కోసే నేర్పును 1930లలో గొలుసు పద్ధతి ముక్కలు చేసింది. కదిలే గొలుసు ముందు నిలబడ్డవాడికి ఒక్క కోత మాత్రమే మిగిలింది.

ఒకే అంగడిని నమ్ముకున్న ఫలితమూ అనుభవంలోకి వచ్చింది. 1973లో బ్రిటన్ ఐరోపా కూటమిలో చేరగానే పాత తలుపు సగం మూసుకుంది. కొత్త కొనుగోలుదార్లు కావలసివచ్చారు. ఇరాన్ కోసం హలాల్ పద్ధతి వధశాలల్లోకి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో చైనా పెద్ద ఖాతాదారైంది. 1982లో ఏడు కోట్లున్న గొర్రెలు, 1984లో రాయితీలు ఎత్తివేశాక తగ్గుతూ వచ్చి రెండున్నర కోట్లకు లోపే నిలిచాయి. అయినా మాంసం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. 1990 ప్రాంతంలో గొర్రెపిల్ల కళేబరం పద్నాలుగు కిలోలుంటే, ఇప్పుడు పందొమ్మిది దాకా తూగుతోంది. ఉన్ని మాటకు వస్తే, ఈ మధ్య కొన్నేళ్ళు ముతక ఉన్ని ధర కత్తిరింపు కూలికి కూడా చాలలేదు.

ఈ చివరి వాక్యం చదివి నేను కాసేపు ఆగిపోయాను. మన దక్కను గొర్రె కథ కూడా ఇదే గదా! నల్ల ఉన్నితో కురుమలు గొంగడి నేసేవారు. రైతు తన చేలో మంద కట్టించుకుని, ఎరువుకు బదులుగా గింజలు కొలిచేవాడు. మాంసం ఆ లెక్కలో ఒక భాగం మాత్రమే. తర్వాత బరువు కోసం నెల్లూరు పొట్టేళ్ళను కలిపారు. పిల్ల పెద్దదైంది, ఉన్ని పలచబడింది, మగ్గం మూలపడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలుపెట్టింది. మందలు ఇంటిముందుకు వచ్చాయి. కాని కాటా, వధశాల, శీతలగిడ్డంగి, అంగడి? అవి కాపరి చేతికి రాలేదు.

డేవిడ్‌సన్‌కు వధశాల నుంచి లండను అంగడి దాకా ప్రతి అంచె మీదా చూపుంది. అది పెట్టుబడి బలం. ఆ బలం లేని చిన్నరైతు తర్వాత బోర్డుల ద్వారా కొంత సంపాదించుకున్నాడు. మన కాపరి ఇంకా తువాలు కిందే చేయి చాచి ఉన్నాడు. కనీసం సంతలో ఒక కాటా ఉండి, పొట్టేలు బరువు అందరి ముందూ వినిపిస్తే ఆ బేరం ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా అమ్మమ్మ గొంగడి మా ఇంట్లో ఇంకా ఉంది. చలికాలంలో తీసి ఎండలో వేస్తాం. మీ ఇళ్ళల్లో ఎవరి దగ్గరైనా అలాంటిది ఉంటే, దాన్ని నేసింది ఏ ఊరివారో అడిగి తెలుసుకుని రాయండి. ఆ పేర్లు చెప్పగలవారు తగ్గిపోతున్నారు.