గోడలోని చప్పుడు



పాత యింటి గోడలో నడురేయి చప్పుడు వినవచ్చినపుడు మనుష్యులేమి చేసిరను సంగతి చిన్నదిగా తోచును. కాని దానికిని ఒక చరిత్ర కలదు. ముందుగా మా యింటి ముచ్చట చెప్పి ఆ చరిత్రలోనికి పోయెదను.

మాది తాతగారు కట్టించిన మట్టిగోడల పెంకుటిల్లు. ఒక వర్షాకాలమున మా తల్లిగారు జ్వరముతో మంచము పట్టియుండిరి. ఆమె తలవైపు గోడలోనుండి రాత్రులయందు టకటకమని సన్నని చప్పుడు రాసాగెను. నేను వ్రేలి కణుపుతో గోడను తట్టితిని. వెంటనే లోపలినుండి బదులు వచ్చెను! యముని పిలుపని ఒకరు, శాంతి చేయింపవలెనని ఒకరు అనిరి. నాకును గుండె దడదడలాడెను. ఏమి చేసితినో తరువాత విన్నవించెదను.

ఇట్టి భయము మనకు మాత్రమే కలుగునది కాదు. ఇంగ్లండు దేశమున రోగి మంచముకడ మేలుకొనియుండువారికి, నిశ్శబ్దమైన రాత్రులందు కొయ్యలోనుండి ఇట్టి చప్పుడే వినబడెడిది. దానిని చావునకు సూచనగా తలంచి ‘డెత్ వాచ్’, అనగా చావు కావలి, అని పేరిడిరి. 1646వ సంవత్సరమున నార్విచ్ పట్టణ వైద్యుడగు థామస్ బ్రౌన్ లోకమునందలి పొరబాటు నమ్మకములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన ఆ పురుగులను పట్టి పలుచని పెట్టెలలో నుంచి, అవి పెట్టె ప్రక్కలను కొట్టుట కన్నులార చూచి చెవులార వినెను. అది ఓకు దూలములను తొలుచు పురుగనియు, తన జతను పిలుచుటకై తలతో కొయ్యను కొట్టుననియు తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. మృత్యువు పిలుపనుకొన్నది పెండ్లిపిలుపు!

అయినను, భయపడనక్కరలేదనుట వేరు, లెక్కచేయనక్కరలేదనుట వేరు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ హాలునకు, రెండవ రిచర్డు రాజు కాలమున, 1393 మొదలుకొని హ్యూ హెర్లండు అను వడ్రంగి నడుమ స్తంభము లేని గొప్ప ఓకు కప్పును నిర్మించెను. 1914 ప్రాంతమున ఫ్రాంక్ బెయిన్స్ దానిని శోధింపగా, పైకి దృఢముగా కనబడు పెక్కు దూలములు లోపల డొల్లలై యుండెను. ఉక్కు కట్టుదిట్టములతో సుమారు తొమ్మిదేండ్లు శ్రమించి కప్పును నిలిపిరి. పురుగు మందుకై పిలువబడిన మాక్స్‌వెల్ లెఫ్రాయి, మన దేశమున పూసాలో కీటకశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, 1909లో భారతదేశపు కీటకములపై గ్రంథము ప్రకటించినవాడే. ఆయన 1925లో పురుగులను చంపు విషవాయువును పరీక్షించుచు, ఆ వాయువుచేతనే మరణించెను.

మన పెద్దలును మ్రానుపురుగు నెరుగుదురు. అది తొలిచిన గీతలు అనుకోకుండ అక్షరములవలె కనబడుటయే ఘుణాక్షరన్యాయము. పురుగు వ్రాయలేదు, చదివినది మనమే. చప్పుడు సంగతియు నంతే. ఈ న్యాయమును బడిలో ఎన్నియో మారులు బోధించితిని. నా యింటిలో మాత్రము ఆ రాత్రి మరచితిని.

తెల్లవారిన పిదప జ్ఞప్తికి వచ్చెను. తల్లిగారి మంచమును వసారాలోనికి మార్పించి, గోడపూతను గీకించితిని. చెదల దారి దూలము కొనవరకు పోయియుండెను. గోడ అదిరినపుడు కావలి చెదలు తలలతో కొట్టి తమవారిని హెచ్చరించును. నాకు వచ్చిన బదులదియే. గోడలో దిగిన దూలపు కొనను గునపముతో పొడువగా పైచెక్క చిట్లి లోన మట్టియే కనబడెను. సరిగా దాని క్రిందనే ఆమె పండుకొనియుండిరి. శాంతి చేయించి ఊరకుండినచో, ఆ సూచన నిజమేయై యుండెడిది!

దూలము మార్పించితిమి. తల్లిగారు కోలుకొని, అటుపై ఆరేండ్లు ఆ గదిలోనే నిదురించిరి. మీ యింటి గోడయు ఎన్నడైన తట్టినచో, దీపము తెచ్చి మట్టిగీతలు, కొయ్యపొడి, చెమ్మ కలవేమో చూడుడు. ఆ చప్పుడు మనలను పిలుచుటకై పుట్టినది కాదు. అయినను మనము వినదగినదే.