చమ్మకార విధికుడి కొడుకు

మా ధరణికోట ఒకప్పటి ధాన్యకటకం. శాతవాహనుల నాటి పట్నం. రాజుల సంగతులు పుస్తకాల్లో బోలెడు దొరుకుతాయి గానీ, నా మనసులో నాటుకున్న పేరు ఒక చమ్మకారుడిది, అంటే తోలుపనివాడిది. పేరు విధికుడు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. శాసనంలో తాను ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కూతుళ్లు, చుట్టపక్కాలు, అందరినీ పుణ్యంలో కలుపుకున్నాడు. కొడుకును మాత్రం పేరు పెట్టి చెప్పాడు: నాగుడు. తాత పేరే.

పాఠాలు చెప్పే ఇంట పుట్టినవాడు తోలు పనిలోకి ఎందుకు దిగాడో రాయి చెప్పదు. తాత పేరు పెట్టుకోవడం మనకూ ఉన్నదే. అయినా ఆ పిల్లాడిలో తాత చదువు కనబడి, విధికుడు మురిసిపోయి ఉంటాడని నాకనిపిస్తుంది. ఆధారమేమీ లేదు, కన్నవాడి బుద్ధి అంతే.

నా బుద్ధి అటు పోవడానికి కారణం మా చిన్నది. రెండో తరగతి. ఎక్కాలు అప్పజెప్పమంటే ఏడో ఎక్కం దగ్గర చతికిలబడుతుంది. సంక్రాంతి సెలవుల్లో అమరావతి మ్యూజియానికి తీసుకెళ్తే బొమ్మలు వదిలేసి రాతల ముందు నిలబడింది. "నాన్నా, దీనికీ చివర అవే ఉన్నాయి, దానికీ అవే" అంది. దాని వేలు వెంట చూశాను. వంపు తిరిగిన గీత, పక్కన తలకిందులు చేసిన ఇంగ్లీషు 'టీ', ఆ పైన చుక్క. దానం. ఆ రాతల బ్రాహ్మీ లిపిలో ఒక్క అక్షరం కూడా దానికి నేను నేర్పలేదు.

1837లో జేమ్స్ ప్రిన్సెప్‌కి దారి చూపినవీ ఈ అక్షరాలే. ఆయన కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించే ఉద్యోగి. సాంచీ స్తూపం మీది చిన్న చిన్న రాతలు చాలావాటి చివర ఒకే అక్షరాలు రావడం చూసి, ఇచ్చినవాళ్ల పేర్లు, చివర 'దానం' అయి ఉంటుందని ఊహించాడు. అక్కణ్నుంచి లిపి విడిపోయింది, అశోకుడి శాసనాలు నోరు విప్పాయి.

1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూసి వెళ్లాక మన రాళ్లు చాలామటుకు చెన్నైకీ లండన్‌కీ తరలిపోయాయి. లండన్‌లో ఉన్న ఒక పలక మీద బుద్ధుడి తండ్రి శుద్ధోదనుడి ముచ్చట ఉంది. బిడ్డను శాక్యుల కులదైవమైన యక్షుడికి మొక్కించబోతే యక్షుడే బిడ్డకు మొక్కుతాడు. శిల్పి బిడ్డను చెక్కలేదు, గుడ్డ మీద బుల్లి పాదముద్రలు చెక్కాడు. ఆ తండ్రికి సంతోషంతో పాటు గుండెల్లో రాయి కూడా పడింది. కొడుకు ఎటు పోతాడోనని మేడల్లో దాచిపెట్టాడు. నేనైతే ఎక్కాలతోనే సరిపెట్టుకుంటున్నాను.

ఇంటికొచ్చాక విధికుడి శాసనం చదివి అర్థం చెప్పాను. అంతా విని, "కొడుకు పేరుంది, మరి కూతుళ్ల పేర్లేవి?" అంది. వేరే పలకల మీద భిక్షుణులు, గృహిణులు సొంత పేర్లతో ఇచ్చిన దానాలున్నాయని సర్దిచెప్పబోయాను. "అది కాదు, వీళ్లవి" అంది.